చేజేతులా

మన భాషలో ఓ ముచ్చటైన సంగతి ఉంది. ఒంటికున్న అవయవాన్ని 'చెయ్యి' అంటాం. పని పురమాయించేటప్పుడూ 'చెయ్యి' అనే అంటాం. ఎవరో రాసిపెట్టింది తలరాత, మనకై మనం చేసింది చేత. ఈ తలకూ ఆ చేతికీ మధ్య ఉన్న మూరెడు దూరంలోనే పాపం, శాపం, నరకం, స్వేచ్ఛ అన్నీ సర్దుకుని కూర్చున్నాయి.

తెలుగు అక్షరం ఎరగని ఓ లండన్ కవి, కళ్లు రెండూ పోయాక, ఆ మూరెడు దూరాన్ని పదివేలకు పైగా పంక్తుల్లో కొలిచాడు. కవి జాన్ మిల్టన్, కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్'. అందులో దేవదూతల యుద్ధాలున్నాయి, పాతాళ సభలున్నాయి, నక్షత్రాల మధ్య ప్రయాణాలున్నాయి. అయినా పుస్తకం మూసేశాక నా కళ్లముందు మిగిలేవి చేతులే. పట్టుకున్న చేతులు, విడిపించుకున్న చేతులు, చాచిన చేతులు.

ఎలాంటి రోజుల్లో చెప్పాడో చూడండి. 1608లో పుట్టిన మనిషికి 1652 నాటికి చూపు పూర్తిగా పోయింది. రాజు తల తీయించిన ప్రభుత్వం తరఫున నిలబడి పుస్తకాలు రాసినవాడాయన. 1660లో రాచరికం తిరిగొచ్చేసరికి ప్రాణాలు అరచేత పెట్టుకుని దాక్కోవాల్సి వచ్చింది. ఆయన పుస్తకాలను తలారి చేత తగలబెట్టించారు, ఆయన్ను కొన్నాళ్లు ఖైదులో ఉంచారు. 1665లో లండన్‌ను ప్లేగు ఊడ్చేసింది. మరుసటి ఏడాది మంటలు మింగేశాయి. నమ్ముకున్న రాజ్యం పోయి, చూపు పోయిన చోట ఆ ముసలాయన పద్యం అల్లుతూ కూర్చున్నాడు! రాత్రంతా మనసులో ఊరిన పంక్తులు తెల్లారేసరికి బరువెక్కేవి. రాసిపెట్టేవాళ్లు ఆలస్యంగా వస్తే, తనను పితికే వేళ దాటిపోతోందని విసుక్కునేవాడట. పొదుగు నిండిన ఆవు పడే యాతన అది. మొదటి సర్గ రాతప్రతి నేటికీ న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో పదిలంగా ఉంది. దస్తూరి ఇంకొకరిది, మాట ఆయనది. 1667లో కావ్యం అచ్చుకిచ్చినప్పుడు ముందుగా చేతికందింది 5 పౌండ్లు.

ఆయన పెరిగిన కాలం తలరాతను గట్టిగా నమ్మిన కాలం. ఎవరికి రక్షణో, ఎవరికి నరకమో దేవుడు సృష్టికి ముందే తేల్చేశాడని జాన్ కాల్విన్ బోధించాడు. ఇంగ్లండులో ఆ బోధ వేళ్లూనుకుని ఉంది. మిల్టన్ దానికి తల ఊపలేదు. 1644లో అచ్చు స్వేచ్ఛ కోసం రాసిన 'అరియోపజిటికా'లోనే తేల్చి చెప్పాడు: ఎంచుకునే వీలు లేని తొలి మనిషి ఆదాము బొమ్మలాటలో బొమ్మతో సమానమని. కావ్యం మూడో సర్గలో దేవుడి నోటే ఆ మాట పలికించాడు. నిలబడే సత్తువ ఇచ్చాను, పడిపోయే వీలూ ఇచ్చాను, పడతారని నాకు తెలిసినంత మాత్రాన నేను తోసినట్టు కాదు అన్నది ఆ వాదం సారం. మన పంచాంగంలో గ్రహణం ఘడియ ముందే రాసి ఉంటుంది. అంతమాత్రాన సిద్ధాంతిగారు చంద్రుణ్ణి నీడలోకి నెట్టాడంటామా? పాపం, చంద్రుడికి పక్కకు తప్పుకునే దారి లేదు. మనిషికి ఉంది. ఆ దారే మిల్టన్ కావ్యానికి వెన్నెముక.

నరకాన్ని ఆయన చూపించిన తీరు మరీ అబ్బురం. మొదట మండే మడుగు కనిపిస్తుంది, వెలుతురివ్వని మంట కనిపిస్తుంది. నాలుగో సర్గకు వచ్చేసరికి, దేవుడి మీద తిరగబడి నరకంలో పడిన సాతాను భూలోకంలో ఓ కొండ మీద నిలబడి ఉంటాడు. చుట్టూ నరకం లేదు, నెత్తిన సూర్యుడున్నాడు. ఆ వెలుగు చూడగానే పోగొట్టుకున్న వైభవం గుర్తొచ్చి గుండె కలుక్కుమంటుంది. క్షమించమని అడిగితే? ఆ ఆలోచనా వస్తుంది. కానీ తన మాట నమ్మి వెంట వచ్చిన దండు ముందు తల వంచాలంటే నామోషీ! ఆ నామోషీ దగ్గరే ఆగిపోతాడు. ఎటు పారిపోయినా నరకం వెంటే వస్తోందని, తానే ఆ నరకమని అతనికి అప్పటికే తెలిసిపోయింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా అన్న మన సామెతకు ఇంతకన్నా భయంకరమైన వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు.

అదే సర్గలో ఆదాము, అతని భార్య హవ్వ మొదటిసారి కనిపిస్తారు. చేయీ చేయీ పట్టుకుని నడుస్తూ ఉంటారు. తొమ్మిదో సర్గ దాకా ఆ పట్టు అలాగే ఉంటుంది.

బైబిలు ఆదికాండము మూడో అధ్యాయంలో ఉన్నవి 24 వచనాలే. ఆ కాస్త కథలో లేని ఓ ఉదయాన్ని మిల్టన్ కల్పించాడు. ఏదెను తోటలో పని పెరిగిపోయింది, ఇవాళ విడివిడిగా చేసుకుందాం అంటుంది హవ్వ. ఆదాముకు మనసొప్పదు. శత్రువు పొంచి ఉన్నాడంటాడు, ఎంతో చెబుతాడు. చివరికి, ఇష్టం లేకుండా పక్కనున్న మనిషి లేనట్టే లెక్క, వెళ్లు అంటాడు. ప్రేమ ఇచ్చిన స్వేచ్ఛ అది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని మాటిచ్చి, ఆమె మెల్లగా అతని చేతిలోంచి తన చెయ్యి తీసుకుంటుంది. పాఠకుడి గుండె ఝల్లుమనేది అక్కడే. పాపం ఇంకా జరగలేదు, పాము ఇంకా రాలేదు. ఒక చెయ్యి ఇంకో చేతిని వదిలింది, అంతే.

పాము రూపంలో సాతాను వచ్చేటప్పటికి ఆమె గులాబీల మధ్య ఉంది. తల వాల్చేసిన పూలకు తీగతో ఊతం కడుతోంది. ఆ తోటలో ఊతం లేని పువ్వు తానేనని ఆమెకు తెలియదు. తర్వాత పాము మాట నమ్మి చెయ్యి చాచింది, దేవుడు తినొద్దన్న పండు కోసింది, తిన్నది. భూమికి గాయమైంది. అక్కడ ఆదాము ఆమె జడ కోసం పూలదండ కట్టి ఎదురొచ్చాడు. సంగతి వినగానే చెయ్యి సడలింది. దండ జారింది, వాడిన గులాబీ రేకులు రాలాయి. ఏదెనులో మొదట వాడిన పూలు అవేనేమో! అతన్ని ఎవరూ మోసం చెయ్యలేదు. ఆమె లేకుండా ఈ అడవిలో ఒంటరిగా బతకలేనని, అన్నీ తెలిసే తిన్నాడు. తిన్నాక మళ్లీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి మోహంతో, లాగినట్టు పట్టుకున్నాడు. ప్రొద్దున్న వదిలిన చెయ్యీ ఇదే, ఇప్పుడు పట్టిన చెయ్యీ ఇదే. ఎంత తేడా!

ఆపైన నువ్వంటే నువ్వని పోట్లాట. పదో సర్గలో ఆదాము ఆమె మీద కేకలేస్తే, హవ్వ జుట్టు చెదిరి, కన్నీళ్లతో అతని కాళ్లు చుట్టుకుంటుంది. శిక్ష మొత్తం తన ఒక్కదాని నెత్తినే పడనివ్వమని దేవుణ్ణి వేడుకుంటానంటుంది. సాతాను సైన్యాలతో, ధిక్కారాలతో చెయ్యలేని పనిని ఆ ఒంటరి ఆడమనిషి చేసింది. తప్పు నాది అంది. ఆ మాటతో అతని కోపం చల్లారింది, ఆమెను లేవనెత్తాడు. పడేందుకు ఉన్న స్వేచ్ఛే లేచేందుకూ ఉందని వాదించలేదు మిల్టన్. ఒక మనిషి ఇంకో మనిషిని లేవదీయడం చూపించి ఊరుకున్నాడు.

పన్నెండో సర్గ చివర మిఖాయేలు దూత ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని తోట గుమ్మం దాటించి మాయమవుతాడు. వెనక్కి తిరిగితే గుమ్మం మీద నిప్పులు. నాలుగు కన్నీటి చుక్కలు రాలతాయి, తుడుచుకుంటారు. ముందు లోకమంతా పరుచుకుని ఉంది, ఎక్కడ ఆగాలో వాళ్లే ఎంచుకోవాలి. తోట పోయింది కానీ ఎంచుకోవడం పోలేదు. ఇద్దరూ మళ్లీ చేయీ చేయీ కలుపుకుని, తడబడే అడుగులతో నడుస్తారు.

తలరాత అనుకుని తల పట్టుకున్న రోజున ఈ కావ్యం తెరవండి. మొదటి నుంచి కాకపోతే తొమ్మిదో సర్గ నుంచే మొదలుపెట్టండి. చేతుల మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి.