నశించేదాన్ని కాపాడటం

పికప్ ట్రక్కు ముందు చక్రాల గూళ్లకు సాధారణంగా కంపెనీయే లైనర్లు బిగించి ఇస్తుంది. చాలా మోడళ్లలో వెనుక గూళ్లు బోసిగానే ఉంటాయి. అమెరికాలోని మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో చలికాలం రోడ్లపై చల్లే ఉప్పు, కరిగిన మంచుతో కలిసి చక్రాల మీంచి ఎగిరి రేకు మడతల్లో చేరుతుంది. తుప్పు అక్కడే, ఎవరి కంటా పడకుండా మొదలవుతుంది. ప్లాస్టిక్ లేదా ఫెల్టు లైనరు ఆ దెబ్బ తాను కాస్తుంది.

ఎలాగూ నశించేదానికి ఇంత రక్షణ మమకారమా, కర్తవ్యమా? లేనిది పొందడం యోగం, ఉన్నది కాపాడుకోవడం క్షేమం అని శంకరులు గీతాభాష్యంలో విడదీశారు. గీత రెండో అధ్యాయం అర్జునుణ్ణి ఈ రెండింటి చింతా వదలమంటుంది. యోగసూత్రాల వ్యాసభాష్యం మరీ కఠినం: అపరిగ్రహాన్ని, అంటే వస్తువులు కూడబెట్టకపోవడాన్ని వివరిస్తూ, వస్తువుల ఆర్జనలోనే కాక రక్షణలోనూ దోషం చూడమంటుంది. ఈ ఆక్షేపణ బలమైనదే. అయితే గీత వదలమన్నది ఆరాటాన్ని, పనిని కాదు. మూడో అధ్యాయం నియతకర్మ చేయమనే ఆదేశిస్తుంది. పైగా పదికాలాలు నిలిచిన బండి మరో బండి కొనే అవసరాన్ని వాయిదా వేస్తుంది, అంటే పరిగ్రహాన్నీ తగ్గిస్తుంది.

ఇక ఆ పని విషయానికొస్తే, ముందు రేకు మడతల్లోని బురద కడిగి, ఆరనిచ్చి లైనరు బిగించాలి. తడిమట్టి లోపల చిక్కుకుంటే లైనరు చాటునే తుప్పు పెరుగుతుంది.