ఒంటరిగా నడవడానికీ తోడు కావాలి

వేసవి సెలవుల్లో టీనేజ్ పిల్లల్ని అమ్మానాన్నలు లేకుండా ఊళ్ళు తిప్పి తీసుకొచ్చే కార్యక్రమాల ప్రకటనల్లో రెండు హామీలు జంటగా కనిపిస్తాయి. మీ పిల్లలకు మంచి స్నేహితులు దొరుకుతారని ఒకటి, మీ పిల్లలు తమ కాళ్ళ మీద తాము నిలబడతారని రెండోది. అచ్చులో ఈ రెండూ పక్కపక్కనే ఒదిగిపోతాయి. ఆలోచనలో మాత్రం అంత సులువుగా ఒదగవు. స్నేహం కావాలంటే మరో మనిషి అవసరం ఉండాలి. ఎవరి అవసరమూ లేకుండా బతకగలగడాన్నే మనం స్వతంత్రం అంటున్నాం. ఈ పేచీ పాతదే. బౌద్ధుల సుత్తనిపాతంలో, ఖడ్గమృగం కొమ్ములా ఒక్కడివే సంచరించమని భిక్షువుకు బోధించే సుత్తం ఒకటుంది. అదే పాలి వాఙ్మయంలో మరోచోట శిష్యుడు ఆనందుడు మంచి స్నేహం ధార్మిక జీవితంలో సగమని అంటే, బుద్ధుడు అతన్ని సరిదిద్ది సగం కాదు, మొత్తం అదేనంటాడు. ఒకే గురువు పేరు మీద ఉన్న ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మాలి? ఖడ్గమృగం సుత్తాన్ని పూర్తిగా చదివితే కొంత జవాబు అక్కడే ఉంది. వివేకం గల తోడు దొరికితే సంతోషంగా అతనితోనే నడవమని, దొరక్కపోతేనే ఒంటరిగా సాగిపొమ్మని అది చెబుతుంది. ఏకాంతం అక్కడ రెండో దారి. ఈ వ్యాసం వాదమూ ఆ వైపే. స్నేహానికీ స్వతంత్రానికీ మధ్య పోటీ లేదు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో మనిషి స్వతంత్రుడయ్యే దారి స్నేహం గుండానే పోతుంది. అయితే ఏ స్నేహమైనా సరిపోదు. తన మీద ఇంకొకరు ఆధారపడే స్నేహం కావాలి.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. ఇల్లు వదలడం, స్వతంత్రం రావడం ఒకటి కావు. ఇది తెలుగు తల్లిదండ్రులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పదో తరగతి అవగానే మన పిల్లలు ఇంటర్మీడియట్ కోసం రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్ళలో చేరి రెండేళ్ళు ఇంటికి దూరంగా ఉంటారు. లేచే వేళ, తినే వేళ, చదివే వేళ, ఫోన్ మాట్లాడే రోజు అన్నీ వేరేవాళ్ళు నిర్ణయిస్తారు. రెండేళ్ళ తర్వాత బయటికొచ్చిన పిల్లవాడికి బ్యాంకులో ఫారం నింపాలంటే నాన్న పక్కన ఉండాలి. దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ కాంట్. సొంత బుద్ధిని వాడే ధైర్యం తెచ్చుకోవడమే మైనారిటీ తీరడమని 1784లో రాసిన ఆ తత్వవేత్త తన కోనిగ్స్‌బర్గ్ విడిచి దూరం వెళ్ళిన మనిషి కాడు. ఊరు కదలకుండానే యూరప్ ఆలోచననంతా కదిపాడు. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకొకటుంది. తన ప్రధాన గ్రంథంలో ఒక్క వాక్యమైనా జోసెఫ్ గ్రీన్ అనే వర్తక మిత్రుడికి వినిపించకుండా ఖాయం చేయలేదని కాంట్ చెప్పినట్టు ఆయన శిష్యుడు రాసిన జీవితచరిత్రలో ఉంది. సొంత బుద్ధి గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడినవాడు తన బుద్ధిని స్నేహితుడి ఎదుట పెట్టి సరిచూసుకునేవాడన్నమాట.

వేసవిలో, ఇంటికి దూరంగా ఒకచోట చేరిన పిల్లల మధ్య స్నేహం ఎలా పుడుతుందో పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగం అమెరికాలో జరిగింది. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త పదకొండేళ్ళ అబ్బాయిలు 22 మందిని ఓక్లహామాలోని రాబర్స్ కేవ్ పార్కులో శిబిరానికి తెచ్చాడు. రెండు గుంపులుగా విడదీసి, మొదట ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉంచి, తర్వాత పోటీలు పెట్టాడు. జెండాలు తగలబెట్టుకునేదాకా వెళ్ళింది వైరం. రెండు గుంపుల్నీ ఒక గదిలో కూర్చోబెట్టి భోజనం పెడితే కలిసిపోతారేమో అనుకుంటే, అన్నాలు విసురుకున్నారు. శిబిరానికి నీళ్ళు ఆగిపోయి అందరూ కలిసి లోపం వెతకాల్సివచ్చినప్పుడు, లారీ మొరాయించి అందరూ కలిసి తాడుతో లాగాల్సివచ్చినప్పుడు పగ కరగడం మొదలైంది. తిరుగు ప్రయాణంలో ఒక గుంపు తాము గెలుచుకున్న అయిదు డాలర్లతో రెండు గుంపులవాళ్ళకీ పానీయాలు కొనిపెట్టింది. నీళ్ళ కొరతా లారీ మొరాయింపూ షెరీఫ్ కావాలని కల్పించినవే. అయినా వాటి నుంచి తేలినది నిజమే. పిల్లల్ని ఒక బస్సులో ఎక్కించి, ఒకే హోటల్లో దించి, ఒకే కోట చూపించినంత మాత్రాన స్నేహం రాదు. ఒకరు లేకపోతే మరొకరికి పని జరగని పరిస్థితి ఉండాలి.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది ఆ ముందు ఏడాది విఫలమైన ప్రయోగం. 1953లో న్యూయార్క్ రాష్ట్రంలోని మిడిల్ గ్రోవ్‌లో షెరీఫ్ బృందం ఇలాంటి శిబిరమే నడిపింది. ఆ పిల్లల్ని మొదట్లో స్వేచ్ఛగా కలిసి తిరగనిచ్చి, స్నేహాలు కుదిరాక విడదీశారు. వాళ్ళ మధ్య పగ రాజెయ్యడానికి శిబిరం సిబ్బందే రహస్యంగా బట్టలు మాయం చేసి, గుడారం కూల్చి, నింద అవతలి గుంపు మీద పడేలా చూశారు. పిల్లలు ఉచ్చులో పడలేదు. ఒకరినొకరు అడిగి తెలుసుకుని, ఇది పెద్దవాళ్ళ పనే అయివుంటుందని తేల్చుకున్నారు. ప్రయోగం మూతపడింది. చాలాకాలం మరుగున పడివున్న ఈ కథను జినా పెర్రీ అనే రచయిత్రి 2018లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా వెలికితీసింది. శాస్త్రవేత్తలకు అది వైఫల్యమే కావచ్చు. స్వతంత్రం అంటే ఏమిటని అడిగేవాళ్ళకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. చదువుకున్న పెద్దల బృందం పన్నిన పన్నాగాన్ని ఆ వయసు పిల్లలు పసిగట్టగలిగారు. పక్క గుంపులో నమ్మదగిన నేస్తం ఒకడు ఉన్నాడు కాబట్టే ఆ ధైర్యం వచ్చింది. ఒంటరిగా ఉన్న పిల్లవాడు పెద్దల మాట నమ్ముతాడు, లేదా లోలోపల అనుమానించి ఊరుకుంటాడు.

ఇక్కడ ఎవరైనా అడ్డుపడవచ్చు. నేస్తాల గుంపు కూడా ఒక నిరంకుశ ప్రభువే కదా, నాన్న మాట వినని పిల్లవాడు గుంపు మాట జవదాటలేడు, అందులో స్వతంత్రం ఎక్కడుంది? ఈ అభ్యంతరం బలమైనది. 1954 పిల్లలే దానికి రుజువు. జెండా తగలబెట్టిన ప్రతివాడూ తన గుంపు కోసమే చేశాడు. కానీ ఆ గుంపు వాళ్ళకు పెద్దలు పంచిపెట్టింది. 1953 పిల్లలు తమ నేస్తాల్ని తాము ఎంచుకున్నారు. పెద్దలు పేరుపెట్టి, టీషర్ట్ తొడిగి, జట్టు నినాదం నేర్పిన స్నేహానికీ, ఇద్దరు పిల్లలు వాళ్ళంతట వాళ్ళు కుదుర్చుకున్న స్నేహానికీ ఇంత తేడా ఉంది. వేసవి యాత్రలు నడిపేవాళ్ళు మొదటి రోజే పిల్లల్ని జట్లుగా కోసేయడం నాకు నచ్చదు.

రెండో అభ్యంతరం స్వతంత్రం వైపు నుంచి వస్తుంది. టికెట్లు కొన్నది అమ్మానాన్నలు, దారి గీసింది నిర్వాహకులు, రాత్రి తల లెక్కపెట్టేది వార్డెను. ఇలా పెద్దల అనుమతితో, పెద్దల కాపలాలో దొరికే స్వతంత్రం బొమ్మ స్వతంత్రం కాదా? కాదనడానికి బౌద్ధ సంఘం నియమాలు నాకు ఆధారం. ఇల్లు విడిచి రావడాన్ని అంత గట్టిగా సమర్థించిన మతం కూడా, కొత్తగా ఇల్లు విడిచినవాడికి పగ్గాలు వెంటనే వదిలేయలేదు. బుద్ధుడి కొడుకు రాహులుడికి ప్రవ్రజ్య, అంటే సన్యాస దీక్ష, ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు తన కడుపుకోత చెప్పుకుంటే, ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేని పిల్లల్ని చేర్చుకోకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. పూర్తి భిక్షువుగా చేరే ఉపసంపదకు ఇరవై ఏళ్ళు నిండాలి. ఆ తర్వాత కూడా, సమర్థుడైన భిక్షువు కనీసం అయిదేళ్ళు ఒక గురువు నీడలో గడపాలి. సమర్థుడు కానివాడైతే ఎప్పటికీ ఆ నీడలోనే ఉండాలి. అయిదేళ్ళంటే, మూడు వారాల్లో స్వతంత్రం నేర్పుతామనే ప్రకటనలు సిగ్గుపడాల్సిన లెక్క. అయితే ఆ అయిదేళ్ళ ఆశ్రయం ఏకపక్షం కాదు. గురువు జబ్బుపడితే శిష్యుడు సేవ చేయాలి, శిష్యుడు జబ్బుపడితే గురువూ అంతే చేయాలి. గురువు తప్పుడు అభిప్రాయంలో పడితే దాన్ని తొలగించే పూచీ శిష్యుడిదే. కాపలా ఉండటం లోపం కాదు, కాపలా కింద ఉన్నవాడి మీద ఏ పూచీ లేకపోవడం లోపం.

సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకంలోని ఒక సంఘటన ఈ వాదానికి కీలకం. ఒక విహారంలో విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడివున్న భిక్షువును బుద్ధుడు చూస్తాడు. ఎవరూ ఎందుకు చూడలేదని అడిగితే, తాను ఇతర భిక్షువులకు ఏమీ చేసిపెట్టలేదని, అందుకే తన్ను ఎవరూ పట్టించుకోలేదని రోగి చెబుతాడు. ఆనందుడు నీళ్ళు తెస్తే ఇద్దరూ కలిసి అతన్ని కడిగి మంచం మీద పడుకోబెడతారు. తర్వాత బుద్ధుడు సంఘాన్ని పిలిచి, మిమ్మల్ని చూసుకోవడానికి ఇక్కడ అమ్మ లేదు, నాన్న లేడు, మీలో మీరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలిస్తాడు. ఆ భిక్షువులకు ఇల్లు విడవడం వచ్చింది. ఇల్లు విడిచాక కావలసింది రాలేదు. రోగి చెప్పిన కారణం గమనించండి. అతనూ ఎవరి జోలికీ పోకుండా, ఎవరికీ ఏమీ బాకీపడకుండా బతికినవాడే. మన వాడుకలో అలాంటివాణ్ణి స్వతంత్రుడనే అంటాం.

వేసవి స్నేహాలు వేసవితోనే పోతాయన్నది ఇంకో ఆక్షేపణ. అరిస్టాటిల్ ఆ పక్షమే. యువకుల స్నేహం సరదా మీద నిలుస్తుందని, అందుకే తొందరగా కుదిరి తొందరగా చెదురుతుందని, అసలైన స్నేహానికి కలిసి చాలా ఉప్పు తినాలని ఆయన నికోమాఖియన్ నీతిశాస్త్రంలో అంటాడు. ఒప్పుకుంటాను. దీన్ని బలపరిచే ఆధునిక సాక్ష్యం కూడా ఉంది. 1928లో హార్ట్‌షోర్న్, మే అనే పరిశోధకులు వేలమంది పిల్లల్ని పరీక్షించి, ఒకచోట నిజాయితీగా ఉన్నవాళ్ళు మరోచోట అలా ఉంటారన్న భరోసా లేదని తేల్చారు. కొండ మీద అలవడిన గుణం ఇంటికొచ్చాక ఉంటుందని ఎవరు చెప్పగలరు? 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో లారెన్స్ హోల్ట్‌తో కలిసి అవుట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ బడిని స్థాపించిన కుర్ట్ హాన్ మీద వచ్చిన విమర్శ ఇదే. నా జవాబు చిన్నది. గుణం మారుతుందని నేననడం లేదు. నన్ను నమ్ముకుని ఒకరు తాడు పట్టుకున్నారు, నేను వదల్లేదు అన్న ఎరుక మాత్రం మిగులుతుంది. ఆ నేస్తం ఫోన్ నంబరు పోయినా అది పోదు. హాన్ కూడా కష్టాన్ని కష్టం కోసం ప్రేమించలేదు. ఆయన గోర్డన్‌స్టన్ బడి పిల్లలు తీరంలో కాపలా కాశారు, మంటలార్పే పని నేర్చుకున్నారు. ఆ పనుల అవసరం ఊరికి నిజంగానే ఉంది.

అన్నింటికన్నా కష్టమైన ఆక్షేపణ డబ్బుది: ఈ యాత్రలు డబ్బున్న ఇళ్ళ పిల్లలకే, వాటి బరువు పేదవాళ్ళ మీద. దాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చలేను, ఎందుకంటే మన యాత్రా సాహిత్యపు మూలకథలోనే అది ఉంది. ఐతరేయ బ్రాహ్మణంలో హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు ఉన్నాడు. మన నాటకాల కాటిసీను కథ వేరు, ఇది వేరు. తండ్రి తనను వరుణుడికి బలి ఇస్తానని మొక్కాడని తెలిసి, ఆ యువకుడు విల్లు పట్టుకుని అడవికి వెళ్ళిపోతాడు. తిరిగి వద్దామనుకున్న ప్రతిసారీ ఇంద్రుడు ఎదురై, తిరుగుతూనే ఉండమని, కదిలేవాడికే మేలని నచ్చజెబుతాడు. యాత్రను పొగిడేవాళ్ళంతా ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ తర్వాత జరిగింది చెప్పరు. ఆరో ఏట రోహితుడికి ఆకలితో ఉన్న అజీగర్తుడి కుటుంబం కనిపిస్తుంది. నూరు ఆవులిచ్చి వాళ్ళ నడిమి కొడుకు శునశ్శేపుణ్ణి తనకు బదులు బలికి కొంటాడు. రాజు బిడ్డ స్వతంత్రానికి పేదవాడి బిడ్డ మూల్యం చెల్లించాడు. శునశ్శేపుడు చివరికి దేవతల దయవల్ల బతికాడన్నది వేరే సంగతి. నేటి యాత్రల్లోనూ పిల్లలు కొండెక్కుతుంటే సామాను మోసేది, వంట చేసేది, గిన్నెలు తోమేది చాలాసార్లు పేదవాళ్ళే.

పేదపిల్లలకు ఈ దారి మూసుకుపోయి ఉండనక్కర్లేదని కూడా తెలుగు నేల చూపించింది. నిజామాబాద్ జిల్లా వ్యవసాయ కూలీ కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులుగా భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ చేరారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు. ఖర్చు ప్రభుత్వం పెట్టింది. అయితే అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు పడి, ఇతరుల కోసం దారి వేస్తున్న, సామాను మోస్తున్న 16 మంది నేపాలీలు చనిపోయారు. కొండ ఎక్కినవాళ్ళ పేర్లు పుస్తకాలకెక్కాయి. ఆ పదహారుగురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? యాత్ర నుంచి తిరిగొచ్చిన పిల్లవాడికి తన సంచి మోసినవాడి పేరైనా తెలియకపోతే, అతను ఆధారపడటం మానలేదు, ఎవరి మీద ఆధారపడుతున్నాడో చూడటం మానేశాడు.

కాబట్టి ఈ వేసవికి పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. డబ్బు కట్టేముందు భద్రత గురించీ భోజనం గురించీ ఎలాగూ అడుగుతారు. వాటితోపాటు, మా అమ్మాయి ఏ రోజైనా తన వంతు పని చేయకపోతే ఆ గుంపులో ఏ పని ఆగిపోతుందో అడగండి. ఏ పనీ ఆగదని, అన్నీ తామే చూసుకుంటామని నిర్వాహకులు గర్వంగా చెబితే, ఆ డబ్బు మిగుల్చుకుని పిల్లను అమ్మమ్మగారి ఊరికి పంపండి. వంట ఆమె చేతికి వదిలేయమని అమ్మమ్మకు ముందే చెప్పండి.