మనిషికి రేటు కట్టొచ్చా? కాంట్ ఏమంటాడు



ఐటీలో పనిచేసేవాళ్లకి "రిసోర్స్" అనే మాట కొత్తేమీ కాదు. "ఈ ప్రాజెక్టుకి ఇంకో ఇద్దరు రిసోర్సులు కావాలి" అంటారు. ఆ రిసోర్స్ అంటే సర్వర్ కాదు, మనిషే. ఎవరూ చెడు ఉద్దేశంతో అనరు, అలవాటైపోయింది అంతే. కానీ మనిషిని పనిముట్టులా లెక్కేస్తే తప్పేంటి? ఈ ప్రశ్నని చాలా సీరియస్‌గా తీసుకున్న ఒకాయన గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఆయనే ఇమ్మానుయేల్ కాంట్.

కాంట్ 1724లో ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కాలినిన్‌గ్రాద్. తండ్రి గుర్రాలకి తోలు పట్టీలు కుట్టేవాడు. కొడుకు అదే ఊళ్లో చదివి, అక్కడే ప్రొఫెసరై, 1804లో అక్కడే కన్నుమూశాడు. నీతి గురించి, అందం గురించి, ప్రభుత్వం గురించి విడివిడిగా రాశాడు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకే విషయం కనిపిస్తుంది: ప్రతిదాన్నీ "ఇందులో నాకేంటి లాభం?" అనే లెక్కతో చూడకూడదు.

ముందు నీతి సంగతి. 1785లో వచ్చిన పుస్తకంలో ఆయన ఒక దుకాణదారుడి ఉదాహరణ ఇస్తాడు. చిన్నపిల్లాడు వచ్చినా అతను ఒక్క పైసా ఎక్కువ తీసుకోడు. మంచి పనే. కానీ ఎందుకలా చేస్తున్నాడు? పేరు చెడితే గిరాకీ పోతుందనా? అలాగైతే పని సరైనదే గానీ దానికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. మోసం చేసినా ఎవరికీ తెలియదని రేపు గ్యారంటీ దొరికితే అతను ఏం చేస్తాడో చెప్పలేం కదా! చేయాల్సిన పని కాబట్టి చేస్తేనే దానికి విలువ.

ఇది వినగానే మీలో చాలామందికి నిష్కామకర్మ గుర్తొచ్చే ఉంటుంది. పోలిక ఉంది, కాదనను. కానీ రెండూ ఒకటే అనేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. గీతలో ఆ మాట ఈశ్వరార్పణం, ఆత్మజ్ఞానం అనే దారిలో వస్తుంది. కాంట్ దగ్గర నియమం పెట్టేది మనిషి బుద్ధే. "నేను పాటిస్తున్న ఈ పద్ధతినే అందరూ పాటిస్తే అది నిలబడుతుందా?" అని ఎవరికి వాళ్లు అడుక్కోవాలి.

అదే పుస్తకంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. వస్తువుకి ధర ఉంటుంది, దాని బదులు అదే ధరలో ఇంకోటి తెచ్చుకోవచ్చు. మనిషికి బదులు లేదు. అతనికి ఉండేది ధర కాదు, గౌరవం. అందుకే మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదు. ఇక్కడ "కేవలం" అన్న మాట చాలా ముఖ్యం. ఆటో ఎక్కితే డ్రైవర్ సాయం మనం వాడుకుంటున్నట్టే. కానీ ఎంతవుతుందో అతనికి తెలుసు, ఒప్పుకునే వస్తున్నాడు. తీర్చలేనని తెలిసీ "నెలలో ఇచ్చేస్తా" అని అప్పు తీసుకోవడం అలాంటిది కాదు. విషయమంతా తెలిస్తే అవతలివాడు ఒప్పుకోడు. ఒక యాప్‌లో ఫ్రీ ట్రయల్ ఇచ్చి, క్యాన్సిల్ బటన్‌ని ఎక్కడో లోపల దాచిపెట్టారనుకోండి. అదీ ఈ రెండో రకమే. ఆ కోడ్ రాసేది మాలాంటి వాళ్లమే కాబట్టి, ఈ ప్రశ్న పుస్తకంతోనే ఆగిపోదు.

ఇక అందం. 1790 నాటి పుస్తకంలో కాంట్ ఒక రాజభవనాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు. "ఇది అందంగా ఉందా?" అని ఎవరో అడిగారు. "జనం చెమటని ఇలాంటి ఆడంబరాలకి తగలేశారు" అని తిట్టొచ్చు. అది న్యాయమైన మాటే కావచ్చు, కానీ అడిగిన ప్రశ్నకి జవాబు కాదు. అలాగే ఆ భవనం నాదైతే బాగుండు అనుకోవడమూ జవాబు కాదు. సొంతం చేసుకోవాలని గానీ, వాడుకోవాలని గానీ లేకుండా, చూడటంలోనే కలిగే ఆనందమే అందాన్ని గుర్తించడం అంటాడు. ఫొటోకి ఎన్ని లైకులొస్తాయో లెక్కేస్తూ సూర్యాస్తమయం చూసేవాడు ఆ క్షణంలో దాని అందాన్ని చూడట్లేదన్నమాట. అందం మీద ఈ చూపు అలవాటైతే నీతికీ పనికొస్తుంది. ఎదుట ఉన్నదాన్ని నా అవసరం కోసం లాగకుండా, దాన్ని దానిలా ఉండనివ్వడం అక్కడ నేర్చుకుంటాం. అందం నీతికి ప్రతీక అని ఆయన అన్నదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను.

మూడోది ప్రభుత్వం. పాలకుడు తండ్రిలా ఉండాలని మనం మెచ్చుకోలుగా అంటుంటాం. కాంట్‌కి ఆ పోలికే భయం. ఏది సుఖమో ప్రజలకి తెలియదు, నేనే నిర్ణయిస్తాను అనే ప్రభుత్వం అన్నిటికన్నా పెద్ద నిరంకుశత్వమని 1793లో రాశాడు. ఎంత ప్రేమగా చేసినా, పెద్దవాళ్లని పసిపిల్లల్లా చూడటమే అది.

1795లో శాశ్వత శాంతి మీద రాసిన చిన్న పుస్తకంలో యుద్ధం సంగతి తీశాడు. సైనికుల్ని ఇంకో దేశానికి అద్దెకివ్వడమంటే మనుషుల్ని వస్తువుల్లా వాడి పారేయడమే అన్నాడు. ఇది ఊహ కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడటానికి జర్మన్ సంస్థానమైన హెస్సె-కాసెల్ పాలకుడు డబ్బు తీసుకుని తన సైనికుల్ని పంపాడు. అందుకే యుద్ధానికి పౌరుల సమ్మతి కావాలంటాడు కాంట్. ప్రాణాలు పోయేది, అప్పులు తీర్చాల్సింది వాళ్లే కాబట్టి వంద సార్లు ఆలోచిస్తారు. రాజుకేం, యుద్ధం వచ్చినా అతని విందులు, వేటలు, భవనాలు అలాగే ఉంటాయి.

ఇంత చెప్పిన మనిషి ఒకచోట తన మాటకే తక్కువైపోయాడు. 1797లో వచ్చిన పుస్తకంలో, ఇళ్లలో పనిచేసేవాళ్లకీ, ఆడవాళ్లందరికీ ఓటు ఉండదన్నాడు. మనుషులుగా వాళ్లకి స్వేచ్ఛ, సమానత్వం ఉన్నాయంటూనే, బతుకుతెరువుకి ఇంకొకరి మీద ఆధారపడేవాళ్లు చట్టం చేయడంలో పాలుపంచుకోలేరన్నాడు. కాలం అలాంటిదని సర్దిచెప్పొచ్చు. కానీ ఆయన సూత్రం కాలాన్ని బట్టి మారేది కాదే! వాళ్లు పాటించాల్సిన చట్టం గురించి వాళ్లనే అడగకపోతే, అది తండ్రిలాంటి ప్రభుత్వమే కదా?

అందుకని కాంట్‌ని పక్కన పెట్టేయాలని నేననను. ఆయన తప్పుని పట్టుకోవడానికి మనకి దొరికిన కొలత కూడా ఆయనిచ్చిందే. ఆ కొలతతో మనల్ని కూడా చూసుకోవాలి. మన ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి సెలవు కావాలంటే మనం మొదట దేని గురించి ఆలోచిస్తాం? ఆవిడ గురించా, గిన్నెల గురించా?