పొరుగువాని కొలత



పట్నములో చదువుచున్న బిడ్డకు ఏ కొరతయు లేదు, అయినను ముఖము వాడియున్నదని తలిదండ్రులు మాతో చెప్పుచుందురు. ఫోనే చెరచినదని తీర్పు కూడ వారే చెప్పుదురు. ఆ తీర్పులో నిజమున్నది గాని, అది సగమే.

అమెరికాలో ఫేస్‌బుక్ 2004 ఫిబ్రవరిలో హార్వర్డు విశ్వవిద్యాలయమున మొదలై, ఒక కాలేజి తరువాత మరియొక కాలేజికి వ్యాపించెను. అందుచేత అది వచ్చిన కాలేజీలను, ఇంకను రాని కాలేజీలను పక్కపక్కన పెట్టి చూచుటకు పండితులకు వీలు కలిగెను. 2022లో అచ్చయిన వారి పరిశోధన ప్రకారము, అది వచ్చినచోట విద్యార్థులలో క్రుంగుదల పెరిగినది. తమను ఇతరులతో పోల్చుకొనుటయే ముఖ్యకారణమై యుండునని వారు తలంచిరి. కాలేజి ఆవరణలోగాక బయట నివసించువారు, చదువుతోపాటు పనిచేసుకొనువారు మరింత నలిగిరట. అట్టివారు మన బిడ్డలలో లేరా?

పోల్చుకొనుట ఫోనుతో పుట్టలేదు. సౌలునకు సింహాసనముండెను, సైన్యముండెను. అయినను స్త్రీల పాటలో తన లెక్క వేలని, దావీదు లెక్క పదివేలని వినిన దినము మొదలు అతనికి నెమ్మది లేకపోయెను. ఫోటో క్రింద పడు లైకుల సంఖ్యయు అట్టి లెక్కయే. అయితే మన బిడ్డకు ఆ పాట అర్ధరాత్రి దిండు ప్రక్కనను వినబడుచున్నది.

మరియొక తేడా కలదు. ఊరిలో పొరుగువాని క్రొత్త బండిని చూచెదము, అప్పులవాడు వాని గుమ్మములో నిలిచి కేకలు వేయుటయు చూచెదము. ఫోనులో బండి మాత్రమే కనబడును. అద్దె గదిలో కూర్చున్న పిల్లవాడు తప్పిన పరీక్షతో, కట్టవలసిన బాడుగతో, ఇంటిమీది బెంగతో నిండిన తన దినమంతటిని, ఎవరో ఏరి చూపిన ఒక్క నిమిషముతో తూచుకొనుచున్నాడు. అది దొంగత్రాసు గదా!

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన ప్రయోగములో, కొందరు విద్యార్థులు మూడు వారములు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కొక్కటి దినమునకు 10 నిమిషములే చూచిరి. వారి ఒంటరితనము, క్రుంగుదల తగ్గినవి. బొత్తిగా మానుమని ఎవరును వారిని బలవంతపెట్టలేదు. హాల్‌టికెట్టును, స్కాలర్‌షిప్పు కబురును ఫోనులోనే వచ్చునప్పుడు దానిని లాగికొనుటయు తగదు.

ఇక మిగిలిన సగము. వారమంతయు వందల ముఖములతో తన్ను పోల్చుకొని అలసిన బిడ్డ ఆదివారము ఇంటికి ఫోను చేయును. మనమేమి చెప్పుచున్నాము? ఫలానావారి అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగమైనదని, ఫలానావారి అమ్మాయి అమెరికా వెళ్లినదని. తిన్నావా అని అడుగుట ఆ తరువాతనే.