మూతకు తేదీ లేని మిల్లు

మూడు వైపులా కర్ణాటక నేలను ఆనుకుని ఉన్న మడకశిర ప్రాంతంలో పాడుబడిన చెనక్కాయ మిల్లు చరిత్రను రాయబూనిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు, అది ఎప్పుడు మూతపడిందన్నదే. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారానికి ఆ చిక్కు లేదు. 1930లలో వెలసిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో లేఆఫ్‌తో, అంటే పని చూపలేక కార్మికులను పక్కన పెడుతున్నామన్న యాజమాన్య ప్రకటనతో, ఆగిపోయింది కనుక దాని అంతానికి ఒక కాగితం ఉంది. చెనక్కాయ మిల్లు తీరు వేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదీ నమ్మకం లేని వానతో, నెట్టుకొచ్చే ఈ మెట్టనేలలో జూన్, జులైలలో విత్తిన పంట అక్టోబరు, నవంబరులలో చేతికొచ్చాకే మిల్లు కదిలేది. కొన్ని నెలలు తిరిగి, మిగిలిన కాలమంతా తాళంతో ఉండేది. కరువు గట్టిదైతే ఆ తాళం తీయకుండానే సీజను దాటిపోయేది.

పాడు ఆవరణను చదవడం తెలిసినవారికి ఈ క్రమం నేల మీదే కనిపిస్తుంది. ఆరబోతకు వేసిన చప్టా స్థలంలో ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది, ఎందుకంటే తేమ పోని కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. కాయను పగలగొట్టి గింజనూ పొట్టునూ వేరుచేసే డెకార్టికేటరు నిలిచిన దిమ్మెలో బోల్టులు మిగులుతాయి. చాలా మిల్లులు అక్కడితో ఆగి గింజనే అమ్ముకునేవి. నూనె కూడా తీసినచోట, ఎక్స్‌పెల్లరు ఉన్న గచ్చు నల్లబడి ఉంటుంది. 1900లో అమెరికాలో వాలేరియస్ ఆండర్సన్ పేటెంటు పొందిన ఈ మర, ఎద్దు గానుగలా వాయి వాయికీ ఆగకుండా, ఎడతెగక గింజను నొక్కుతుంది. ఎడతెగని పనికి పుట్టిన యంత్రాన్ని ఆగి ఆగి కురిసే వానకు అప్పగించడం విడ్డూరమే.

మూతకు కారణాలు తెలియనివి కావు. 1994లో పామోలిన్‌ను ఓపెన్ జనరల్ లైసెన్సు కిందికి, అంటే ప్రత్యేక అనుమతి లేకుండానే దిగుమతి చేసుకునే పద్ధతిలోకి, తెచ్చాక, ఆపై సుంకాలూ తగ్గాక, చౌక నూనెతో పోటీ చిన్న మిల్లుకు భారమైంది. 2000లో కాండం కుళ్లు అనే వైరస్ తెగులు, మడకశిర అప్పట్లో భాగమైన అనంతపురం జిల్లా పంటను దెబ్బతీసింది. వీటిలో ఏదీ తాళం పడిన రోజును చెప్పదు. యజమాని ఏటా వేసినట్టే, వచ్చే పంటకు తీద్దామనే తాళం వేశాడు. అదే చివరిదని అతనికీ తెలియదు. ఎదురుచూపుకూ అంతానికీ పైరూపం ఒక్కటే అయినచోట, ముగింపు అనేది జరిగిన సంఘటనగా కాక, తరువాతివారు వెనక్కి చూసి ఇచ్చే తీర్పుగా మిగులుతుంది. ఇక్కడి బీడు పొలాల సంగతీ అంతే; ఈ ఏడాది విత్తనిది ఏదో, ఇక ఎన్నటికీ విత్తనిది ఏదో గట్టున నిలబడి చూస్తే తేలదు.

అయినా తేదీకి దగ్గరగా వచ్చే కాగితం ఒకటి విద్యుత్ కార్యాలయంలో దొరకవచ్చు. మర తిరిగినా తిరగకపోయినా కనెక్షను ఉన్నంతకాలం నెలనెలా స్థిర చార్జీ కట్టక తప్పదు కనుక, ఆ కనెక్షనును వదులుకుంటున్నానని అర్జీ పెట్టుకునేదాకా యజమాని తన ఎదురుచూపుకు వెల చెల్లిస్తూనే ఉన్నాడని అనుకోవాలి.