ముందు కాగితం కొను తల్లీ

అమ్మలూ,

పాపాయి మొదటి ఏడాది ముచ్చట్లన్నీ ఒక స్క్రాప్‌బుక్‌గా చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఫోన్‌లో పడి ఉన్న వేల బొమ్మల్లోంచి కొన్నిటిని ఏరి, అతికించి, పక్కన నీ చేతిరాతతో నాలుగు మాటలు రాయడం చాలా మంచి పని. కానీ నువ్వు కొనాలనుకున్న సామాన్ల పట్టీ చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. స్టిక్కర్లు, వాషీ టేపులు, రిబ్బన్లు, గ్లిట్టర్ అన్నీ ఉన్నాయి. ఆఖర్న మాత్రం ‘ఏదో ఒక ఆల్బమ్’ అని రాశావు. ఆ వరుస తిరగెయ్యి తల్లీ. ఫోటోను ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉండేవి కాగితం, బంక, ప్లాస్టిక్ కవరు, సిరా. డబ్బు ముందు వాటికి పెట్టు. సింగారాలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

నేను గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్లూ కాగితం ఎలా పాడవుతుందో కళ్లారా చూశాను. చెక్కగుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు, గాలి తగిలితే దానివల్లే కాగితం పసుపెక్కుతుంది. న్యూస్‌పేపర్ అంత త్వరగా రంగు మారేది అందుకే. దానికి ఆమ్లం కూడా తోడైతే కాగితం పెళుసుబారి, పక్కనున్న ఫోటోకు కూడా మరక అంటిస్తుంది. అందుకని ‘యాసిడ్ ఫ్రీ’, ‘లిగ్నిన్ ఫ్రీ’ అనే రెండు మాటలూ ఉన్న కార్డ్‌స్టాక్ తీసుకో. ఒక్క మాటే ఉంటే సరిపోదు. మందం 200 నుంచి 250 జీఎస్‌ఎమ్ ఉండాలి. జిరాక్సు కాగితం 70, 80 జీఎస్‌ఎమ్ ఉంటుంది. నాలుగు ఫోటోలు అతికించేసరికి వంగిపోతుంది. పుదుచ్చేరిలో నూలుగుడ్డ పీలికలతో చేసే చేతి కాగితం కూడా బాగుంటుంది. కాకపోతే మధ్యలో పూరేకులు, ఆకులు పొదిగిన రకాలను ఫోటో కింద వెయ్యకు. వాటి రంగు దిగుతుంది.

సైజు సంగతి. పన్నెండు అంగుళాల చదరం ఆల్బమ్‌లు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ అదనపు పేజీలు, కవర్లు కావాలంటే ఊళ్లో అంత తేలిగ్గా దొరకవు, బీరువా అరలోనూ సరిగా పట్టవు. ఏ4 సైజులో రింగు ఫైలు తీసుకో. రింగు గుండ్రంగా కాకుండా ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా ఉంటే పేజీలు వంగకుండా తిన్నగా కూర్చుంటాయి.

ప్లాస్టిక్ కవర్ల దగ్గర మాత్రం గట్టిగా చెబుతున్నాను. కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే మెత్తని కవరు పీవీసీ. దాన్ని తాకనే వద్దు. వేడికీ చెమ్మకీ ఫోటోకు అతుక్కుపోతుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవే అడుగు. మీ అమ్మ పెళ్లి ఆల్బమ్ ఉంది చూడు, జిగురు పేజీ మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పే రకం. ఆ జిగురు చారలన్నీ ఇప్పుడు గోధుమరంగుకు తిరిగాయి. ఆ ఫోటోలు తీయాలంటే గోటితో లాగొద్దు. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక నుంచి మెల్లగా రంపంలా ఆడించు. అయినా మొండికేస్తే వదిలేసి, పేజీని అలాగే స్కాన్ చేయించు.

అతికించడానికి ఫోటో కార్నర్లే నా మొదటి ఎంపిక. నాలుగు మూలలూ వాటిలో దూరిస్తే చాలు, ఫోటో వీపుకు బంక అంటదు, కావాలంటే బయటికీ తీసుకోవచ్చు. మిగతా వాటికి యాసిడ్ ఫ్రీ డబుల్ సైడ్ టేపు వాడు. నీళ్లు కలిసిన తెల్ల బంకతో కాగితం ముడతలు పడుతుంది. మైదా బంకైతే పురుగుల్ని పిలుస్తుంది. సెల్లోటేపు కొన్నేళ్లకే ఎండి ఊడిపోతుంది, దాని మరక మాత్రం పోదు.

పెన్ను విషయంలో పిసినారితనం వద్దు. పిగ్మెంట్ సిరా పెన్ను కొను. అది తడికి కరగదు, వెలుతురుకు వెలవదు. పిగ్మా మైక్రాన్‌లో 01 రకం గీత పావు మిల్లీమీటరు, 05 రకం దాదాపు అర మిల్లీమీటరు. మన ఒత్తులు, గుడులు అలుక్కుపోకుండా ఉండాలంటే 01 పట్టుకో. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయకు. ఆ గీతలు ముందువైపు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి.

ఇంకొకటి, ఇది అందరూ మరిచిపోయేది. పాపాయి కడుపులో ఉన్నప్పటి స్కానింగ్ బొమ్మను ఈ పాటికి ఎక్కడో దాచి ఉంటావు. చాలామట్టుకు అవి థర్మల్ కాగితం మీద వస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి నల్లబడిపోతాయి. ఈ వారమే స్కాన్ చేయించి ఫోటో ప్రింటు తీయించు. పుస్తకంలో ఆ ప్రింటు పెట్టు. బారసాల పిలుపు కార్డుకు మూలల్లో పసుపు రాశాం కదా, దాన్ని విడిగా ఒక కవర్లో పెట్టి చేర్చు. లేకపోతే ఎదుటి పేజీకి పసుపు అంటుకుంటుంది. అక్షింతలు మాత్రం పుస్తకంలో దాచొద్దు, బియ్యానికి పురుగు పడుతుంది. తాతయ్య, నాయనమ్మల పాత నలుపు తెలుపు ఫోటోలు అసలువి అతికించకు, కత్తిరించకు. నకలు తీయించుకుని వాడు.

ఇక కత్తెర, స్టీలు స్కేలు ఇంట్లో ఉన్నవి చాలు. పూర్తయిన పుస్తకాన్ని అటక మీద పెట్టకు, వంటింటి గోడను ఆనుకుని ఉన్న అరలోనూ వద్దు. కలరా ఉండలు దాని దగ్గరకు రానివ్వకు. మా కాకినాడ గాలికైతే సిలికా జెల్ పొట్లాలు కూడా పెట్టాలి. మీ హైదరాబాదులో వానాకాలం మాత్రం పెడితే చాలు.

మొదట బారసాల పేజీ చెయ్యి. బొమ్మ కింద ‘అత్తయ్య’, ‘బాబాయి’ అని వదిలెయ్యకుండా పూర్తి పేరు, పాపాయికి ఏమవుతారో, ఊరు, తేదీ రాయి. వరసలు నీకు తెలిసినవే అయినా, పాపాయి చదివేనాటికి చెప్పేవాళ్లు ఉండాలి కదా. మీ తాతయ్య వైపు వాళ్లలో ఎవరైనా గుర్తు రాకపోతే ఆ ఫోటో నాకు పంపించు. నేను చెబుతాను.

మీ పెద్దమ్మ