పాత మండువా, కొత్త పంక్తి

పూర్వుల యిండ్లను మనము రెండు విధములుగ పోగొట్టుకొనుచున్నాము. పడగొట్టి పోగొట్టుకొనుట యొకటి; అలంకరించి పోగొట్టుకొనుట రెండవది. మొదటిదానికి విలపించువారు పెక్కండ్రు గలరు. రెండవదానిని గూర్చి ఆలోచించువారు తక్కువ. ఇటీవల మన నగరముల పొలిమేరలలో పాత పల్లెటింటిని పోలిన భోజనశాలలు వెలయుచున్నవి. పెంకుటిల్లు, టేకు స్తంభములు, నడుమ మండువా, వీధికి అరుగులు, గడపకు పసుపు. లోపల అరటియాకు, జొన్నరొట్టె, గోంగూర, పప్పుచారు. సెలవుదినములలో జనులు కుటుంబములతో వచ్చి, విస్తరి ముందు కూర్చుండి, తమ తాతలయిల్లు చూచితిమని తృప్తిపడి పోవుచున్నారు. వీనిని చూచి సంతోషింపవలెనా, సందేహింపవలెనా? ఇది నాలుకకు సంబంధించిన ప్రశ్నవలె తోచును గాని, నిజమునకు ధర్మమునకు సంబంధించినది.

ఈ పద్ధతికి మన దేశమున మేలుబంతియని చెప్పదగినది అహమ్మదాబాదున 1978లో సురేంద్ర పటేలుగారు నెలకొల్పిన 'విశాలా'. గుజరాతు పల్లెను నగరవాసులకు చూపదలచి ఆయన మట్టిగోడలును, అలికిన నేలలును, లాంతరు వెలుగును గల యావరణమును కట్టించెను. అతిథులు నేలపై కూర్చుండి సజ్జరొట్టెయు, కిచిడీయు, వెన్నయు, బెల్లమును, మజ్జిగయు ఆరగించిరి. అంతతో నాగక 1981లో 'వెచార్' అను పాత్రల ప్రదర్శనశాలను గూడ అచ్చటనే స్థాపించెను. బిందెలు, చెంబులు, దబరలు, గంగాళములు మొదలైన వేలకొలది పాత్రలు అందు చేరినవి. అన్నము తిని వచ్చినవాడు ఆ యన్నమును మోసిన లోహమును గూడ చూచి పోవలెనని ఆయన యభిప్రాయము కాబోలు. 1989లో జయపురము వెలుపల వెలసిన 'చోఖీ ఢాణీ' రాజస్థాన పల్లెను అటులే విందుశాలగా మార్చినది. చెన్నపట్టణమునకు దక్షిణమున 1996లో తెఱవబడిన 'దక్షిణచిత్ర' భోజనశాల కాదు, ప్రదర్శనశాల. అయినను దాని యుద్దేశము వీనికి చుట్టమే. దక్షిణదేశపు పాతయిండ్లు అందు మరల నిలువబెట్టబడినవి. తుపానుగాలి మూలలు పట్టి పెకలింపకుండ మన తీరవాసులు గుండ్రముగ కట్టుకొన్న చుట్టిల్లును అందున్నది.

వీనిని గూర్చి లోకమున రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది మన సంస్కృతిని కాపాడుటయని యొకరందురు. ఇది వట్టి వేషము, సొమ్ముకొఱకు పూర్వులకు రంగుపూయుటయని మఱియొకరందురు. ఇరువురి మాటలందును కొంత నిజము కలదు. కాని యిరువురును అడుగని ప్రశ్న యొకటి యున్నది. దానిని చెప్పుటకు ముందు మొదటివారికి న్యాయము చేయుదము.

మండువాలోగిలి తెలివితక్కువవారు కట్టినది కాదు. నాలుగు వసారాలు లోపలికి వాలి నడుమ ఆకాశమును విడిచిపెట్టును. వెలుతురు అన్ని గదులకును అందును. వేడిగాలి పైకి పోవును. వానధారలు నాలుగు చూరులనుండి మండువాలో పడి తూములో పోవును. మందమైన మట్టిగోడ పగటి యెండను లోపలికి త్వరగా రానీయదు. విద్యుచ్ఛక్తిని మ్రింగు యంత్రముతో గది చల్లబరచుకొను మనకు ఆ శిల్పమును నేర్చుకొనవలసిన యవసరము తగ్గలేదు, పెరిగినది. భోజనవిషయమును అట్టిదే. జొన్నలు, సజ్జలు, రాగులు, కొఱ్ఱలు మెట్టపొలములో కొద్దినీటితో పండును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించువఱకు మన చదువుకొన్న యిండ్లలో వానికి పెక్కుచోట్ల పేదకూడని పేరు. ఒక పాతయింటి నమూనాయైనను, ఒక జొన్నరొట్టెయైనను ఈ జ్ఞానమును నలుగురి కంటబెట్టినచో అది మేలే.

రెండవవారు వేషమనిరి. నిజమైన పాతదనము వేఱుగ నున్నదని వారి భావము. కాని మనము అనాదియని తలచు వస్తువులలో ఎన్ని అనాదివి? మన పెంకుటిండ్లపై నిండిన మంగళూరు పెంకును 1865లో బాసెల్ మిషను అను క్రైస్తవసంఘమువారు మంగళూరున చేయ నారంభించిరి. గుంటూరునకు కీర్తి తెచ్చిన మిరపకాయ అమెరికాఖండమున పుట్టి, పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలతో మనకు వచ్చినది. కావున ఏ తరమువారును తమ తాతలయింటిని మార్పులేక ఉంచలేదు. మార్చుట దోషము కాదు. ఏమి మార్చితిమి, ఏమి దాచితిమి యనుటలోనే గుణదోషములున్నవి.

ఇక నా ప్రశ్న. గత వేసవిలో మా మేనత్తగారిని అట్టి భోజనశాల కొకదానికి తీసికొనిపోతిని. ఆమె యెనుబది యేండ్ల వృద్ధురాలు. పుట్టినదియు మెట్టినదియు మండువాయిండ్లే. లోపలికి రాగానే స్తంభమును చేతితో తడవి, "అచ్చం మన ఇల్లేరా!" అని సంతోషించినది. మండువాచుట్టును విస్తళ్లు పఱచిరి. ఆమెను నడుమ కూర్చుండబెట్టితిమి. రెండు ముద్దలు తిన్న పిమ్మట చేయి ఆపి యిట్లన్నది: "ఒరే అబ్బాయీ, ఇలాంటి మండువాలో మొదటి బంతిలో కూర్చుని తినడం నాకిదే మొదలు. మా ఇంట్లో మగవాళ్ల బంతులన్నీ లేచాక, పొయ్యి దగ్గర, మిగిలింది తినేవాళ్లం."

నేను మాటాడలేకపోతిని. ఎనుబదియేండ్లు నిజమైన మండువా ఇయ్యని గౌరవమును ఈ వేషపు మండువా ఒక్కపూటలో ఇచ్చినది. వేషమని నిందించువారు ఈ మాటకేమందురు?

పిమ్మట ఆమె దృష్టి దొడ్డివాకిలిపై పడినది. దానికి పూలతోరణము కట్టి, ఇరువైపుల లాంతరులు వ్రేలాడదీసిరి. పడుచువారు దాని ముందు నిలిచి చిత్రపటములు తీయించుకొనుచుండిరి. ఆమె మెల్లగా అన్నది: "ఆ వాకిలవతలే రా మన పాలేరు కూర్చునేవాడు. దోసిలి పడితే పైనుంచి మజ్జిగ పోసేదాన్ని. పండగనాడూ అంతే. ఒక్కనాడు లోపలికి రమ్మనలేదు. అనాలని తోచనూ లేదు."

ఆ తోరణము చూచినవారిలో ఈ సంగతి తెలిసినవారెవ్వరు? అలంకరించి పోగొట్టుకొనుటయని మొదట నేనన్నది దీనినే. వాకిలి నిలిచినది, వాకిలి కథ పోయినది. అదే యింటికి వీధివైపున అరుగుండెను. త్రోవనపోవు బాటసారికి కూర్చుండుటకు చోటిచ్చిన దయ ఆ యరుగు. వెనుకవైపున దొడ్డివాకిలి యుండెను. తన పొలము దున్నినవానిని గడప దాటనీయని కాఠిన్యము ఆ వాకిలి. ఒకే వడ్రంగి, ఒకే యజమానుడు రెంటిని కట్టించిరి. కావున పూర్వులు మంచివారా చెడ్డవారా యని అడుగుట వ్యర్థము. వారి యింటిలో మనకు దేనియందు వారసత్వము కలదో అడుగవలెను.

కలిసి భుజించుట మన దేశమున సామాన్యకార్యము కాదు. 1917లో కేరళదేశపు చెరాయి గ్రామమున సహోదరన్ అయ్యప్పన్ పులయకులమువారితో సహపంక్తిభోజనము చేయించినందుకు స్వకులమువారే ఆయనను వెలివేసిరి. పూటకూళ్లయింట, హోటలున, రైలు భోజనశాలయందు సయితము కులమునుబట్టి గదులు వేఱుగ నుండిన కాలము మఱీ దూరమున లేదు. ఒక హోటలు పేరునుండి 'బ్రాహ్మణ' శబ్దమును తీసివేయించుటకు 1957లో చెన్నపట్టణమున పెరియారు ఆందోళనము సాగింపవలసివచ్చెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ యధికరణమున, దుకాణములలోను భోజనశాలలలోను ప్రవేశమునకు కులము అడ్డు కాగూడదని ప్రత్యేకించి వ్రాసినది. ఇంత పెద్ద శాసనమున భోజనశాల పేరెత్తవలసివచ్చెననగా, ఆ గడప ఎంత యెత్తైనదో ఊహింపుడు. కావున పాత మండువాలో తెలియనివారి ప్రక్కన తెలియనివారు కూర్చుండి తినునపుడు అచ్చట జరుగుచున్నది పాత ఆచారము కాదు. పాత ఆచారమునకు ప్రాయశ్చిత్తము. ఆ సంగతి తెలిసి తినినచో ఆ యన్నమునకు రుచి హెచ్చును.

అయితే ప్రాయశ్చిత్తము సంపూర్ణమైనదా? వడ్డించు బాలుడు పంచెకట్టుతో, ఉత్తరీయముతో వినయముగ నిలిచియుండెను. మా యత్తగారు అలవాటు చొప్పున, "నువ్వు తిన్నావా నాయనా?" అని యడిగినది. "మా భోజనం నాలుగింటికండీ, వెనకాల" అని నవ్వుచు చెప్పెను. చేతులు కడుగుకొనుటకు పోయినపుడు ఆ 'వెనుక' ఎట్టిదో చూచితిని. పూలతోరణపు వాకిలి కవతల ఒక రేకులపాక. కూర్చుండుటకు పీట లేదు. పనివారు నిలువుకాళ్లపై పళ్లెములు చేతబట్టి తినుచుండిరి. యజమానుని అడిగితిని. ఆయన మర్యాదస్థుడే. "లోపల ఎప్పుడూ ఖాళీ ఉండదు మాస్టారూ. అదీగాక అతిథులు చూస్తే బాగుండదు" అనెను.

అతిథులు చూచిన బాగుండదు! పూర్వము కులము కట్టిన దొడ్డివాకిలిని నేడు వ్యాపారము తిరిగి కట్టినది. దానికి తోరణమును కట్టినది. జీతమిచ్చుచున్నాము కదా యందురు. పాలేరునకును గింజలు కొలిచిరి. కొలతవలన గడప తగ్గలేదు.

మన ధర్మశాస్త్రకారులు తండ్రి యాస్తిని పుచ్చుకొన్న కుమారుడు తండ్రి ఋణమును గూడ తీర్చవలెనని విధించిరి. ఆస్తి నాది, అప్పు ఆయనది యనుట వారికి సమ్మతము కాదు. నేటి మన పురాతనప్రీతి ఆస్తిని మాత్రమే వ్రాయించుకొనుచున్నది. మండువా కావలెను, అరుగు కావలెను, ఆవకాయ కావలెను. పొయ్యివద్ద మిగిలినది తిన్న స్త్రీల ఋణము, దొడ్డివాకిట దోసిలి పట్టినవాని ఋణము ఎవరివో అక్కఱలేదు. ఋణము తీర్చుటయనగా విందుకు వచ్చినవానికి ఉపన్యాసము చెప్పుట కాదు. ఆ సున్నము పూసినవారు, ఆ దూలము చెక్కినవారు, ఆ రొట్టె మొదట తిన్నవారు ఎవరో గోడపై నాలుగు పంక్తులు వ్రాయవచ్చును. పాత్రలకే ప్రదర్శనశాల కట్టినపుడు పాత్రలు తోమినవారిని స్మరించుట భారమగునా? అన్నిటికంటె ముఖ్యముగ, వడ్డించినవాడు ఏదో యొక వేళ అదే మండువాలో, అదే విస్తరిలో, కూర్చుండి తినవలెను. ఇట్టి గృహము ఎంత నిజమైనదో కొలుచుటకు స్తంభముల పనితనము చాలదు. ఈ పంక్తియే కొలత.

ఇంతవఱకు వ్రాసి ఆ యజమానునిపై నేరము మోపి ముగింపవచ్చును. కాని ఆ సాయంకాలము ఇంటికి వచ్చి మంచినీటికై వంటయింటిలోనికి పోయితిని. కిటికీ చట్రముపై ఒక గ్లాసు బోర్లించియున్నది. అది మా యింట అంట్లు తోమునామె కాఫీ త్రాగు గ్లాసు. ఎన్నియేండ్లనుండియో అది అచ్చటనే యున్నది. అచ్చట పెట్టుమని నేనెన్నడును చెప్పలేదు, తీయుమనియు చెప్పలేదు. మా యత్తగారన్నట్లు, తోచనూ లేదు. మా యిల్లు మూడవ యంతస్తున నున్న సిమెంటు గదులు. దానికి మండువా లేదు, అరుగు లేదు. తాతలయింటినుండి మేము భద్రముగ తెచ్చుకొన్నది ఆ కిటికీ యొక్కటే.

ఆ గ్లాసును నేనే తీసి కడిగి, తక్కినవానితో కలిపి అలమరలో పెట్టితిని. మఱునాడు ఆమె కిటికీవైపు చేయి చాచి, వెదకి, మా వైపు చూచినది. నా భార్య చేతికందిన గ్లాసు నొకటి తీసి కాఫీ పోసి, పీట చూపినది. ఆమె మొదట కూర్చుండలేదు. మూడవనాడు కూర్చున్నది. చదువరులు తమ తమ వంటయిండ్ల కిటికీలను ఒకమాఱు చూచుకొందురుగాక.